హాస్పిటల్ వాళ్ళకి థాంక్స్ చెప్పాలంటే గిఫ్ట్ ఇవ్వాలా? మేమేం చేశామంటే

మీ నాన్నగారు హార్ట్ ఎటాక్ నుంచి బయటపడ్డారు, స్టాఫ్ కి గిఫ్ట్ ఇవ్వాలా లేక డబ్బులిస్తే మంచిదా అని అడిగారు కదా. డబ్బులొద్దండి, చాలా చోట్ల వాళ్ళు తీసుకోకూడదు, కాదనలేక వాళ్ళే ఇబ్బంది పడతారు. మా నాన్న విషయంలో మేం ఉత్తరం రాశాం.

అదీ మొదటిసారి సరిగ్గా రాలేదు. మా అన్నయ్య కూర్చుని "మీ సేవలు అమోఘం, మీరు మాకు ప్రత్యక్ష దైవాలు" అని పేజీ నింపేశాడు. అమ్మ మొత్తం విని "బానే ఉంది గానీ, ఇందులో రాత్రి డ్యూటీ పిల్ల ఏదిరా?" అంది. నిజమే, ఆ ఉత్తరం ఏ హాస్పిటల్ కి పంపినా సరిపోతుంది. చింపేసి, ముగ్గురం కూర్చుని ఆ రాత్రి ఎవరు ఏం చేశారో ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాం.

రాత్రి రెండింటికి నాన్న గ్యాస్ అన్నారు. బనీను పిండితే నీళ్ళు కారేట్టు చెమట, దవడ లాగేస్తోందంటున్నారు, అయినా గ్యాసే అంటారు. అంబులెన్స్ లో క్యాజువాల్టీకి వెళ్తే పేరు రాయించకముందే స్ట్రెచర్ మీదే ఈసీజీ తీశారు, తీసిన అమ్మాయి ఆ కాగితం ఇలా చూసి అలా పరిగెత్తింది, డాక్టర్ వచ్చి 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమిలి మింగమన్నారు, గుండెకి రక్తం తీసుకెళ్ళే పెద్ద నాళం మూసుకుపోయింది వెంటనే తెరవాలి అన్నారు. నేను బుర్ర పనిచెయ్యక "పొద్దున అన్నయ్య వస్తాడు, అప్పుడు చేద్దామా సార్" అన్నా. ఆయన విసుక్కోలేదు. "అన్నయ్య వచ్చేలోపు గుండె కండరం కొంత చచ్చిపోతుందమ్మా, అది మళ్ళీ రాదు" అన్నారు. సంతకం పెట్టేశా. హాస్పిటల్ కి చేరిన 90 నిమిషాల్లోపు నాళంలోకి చిన్న బెలూన్ పంపి తెరవాలనేది వాళ్ళు పెట్టుకునే లెక్కట, నాన్నకి గంటలోపే స్టెంట్ (నాళం మళ్ళీ మూసుకుపోకుండా లోపల పెట్టే సన్నటి జాలీ గొట్టం) పడింది. ఇలా బెలూన్ తో గుండె నాళం తెరవడం 1977లో జ్యూరిక్ లో ఆండ్రియాస్ గ్రూంట్‌జిగ్ అనే డాక్టర్ మొదలెట్టారని తర్వాత చదివా, ఆయన 1985లోనే పోయారు, లేకపోతే మా అమ్మ ఆయనక్కూడా ఓ ఉత్తరం రాయించేది.

ఇక ఆ రాత్రి డ్యూటీ సిస్టర్. స్టెంట్ మణికట్టు దగ్గర రక్తనాళం లోంచి పంపి వేశారు కాబట్టి అక్కడ రక్తం కారకుండా గాలి నింపిన బ్యాండ్ కడతారు, సిరంజితో కాసేపటికోసారి కొంచెం కొంచెం గాలి తీస్తుంటారు, అప్పటిదాకా చెయ్యి మడవకూడదు. నాన్న వింటేగా. ఆవిడ "నాన్నగారూ, ఈ చెయ్యి నాది, పొద్దున మీకు తిరిగి ఇచ్చేస్తా, అప్పటిదాకా ముట్టుకోకండి" అంది. ఇంట్లో ఎవరి మాటా వినని మనిషి కదలకుండా పడుకున్నారు! లోపల మానిటర్ మోగినప్పుడల్లా బయట బెంచీ మీద అమ్మ ఉలిక్కిపడుతోందని గమనించి, తనే బయటికొచ్చి "అది గుండె కాదమ్మా, వేలికి పెట్టిన క్లిప్ జారింది" అని చెప్పి వెళ్ళింది. ఒకసారి కాదు, మూడుసార్లు.

ఇవన్నీ రాశాం. పేర్లు తెలియనిచోట తేదీ, టైమ్, బెడ్ నంబర్ వేశాం, దాంతో ఎవరో వాళ్ళే పట్టుకుంటారు. నాన్న కళ్ళజోడు జేబులో దాచి మళ్ళీ తెచ్చిచ్చిన స్ట్రెచర్ అబ్బాయి గురించి కూడా. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన మీద నేను ఊరికే అరిచా, ఆయనకి సారీ కూడా అందులోనే. సూపరింటెండెంట్ పేరు మీద ఒకటి, వార్డుకి ఒక కాపీ. చివర నాన్న ఇప్పుడెలా ఉన్నారో రాశాం: రోజూ నడుస్తున్నారు, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన రెండు మాత్రలూ ఏడాదిపాటు ఆపొద్దన్నారు ఆపట్లేదు, మొదట్లో నెలరోజులు ఊరికే కళ్ళనీళ్ళు పెట్టుకునేవారు, అలా అవ్వచ్చని డిశ్చార్జ్ రోజు సిస్టర్ ముందే చెప్పబట్టి మేం కంగారు పడలేదు. మీరు మిగతాది ఎలా రాసినా ఈ ముక్క మాత్రం వదలకండి.

ఎందుకంటే మూడు నెలల చెకప్ కి వెళ్ళినప్పుడు నాన్న పట్టుబట్టి క్యాజువాల్టీకి తీసుకెళ్ళమన్నారు. ఆ ఈసీజీ అమ్మాయే ఉంది, గుర్తుపట్టలేదు. నాన్న తేదీ చెప్పి, అదిగో ఆ మూల స్ట్రెచర్ అని చూపిస్తే అప్పుడు "అయ్యో మీరా, నిలబడితే ఇంత పొడుగున్నారేంటండీ" అంది. మా ఉత్తరం అక్కడ గోడకి అంటించి ఉంది. "ఇక్కణ్ణుంచి పైకి పంపించాక ఎవరేమయ్యారో మాకు తెలీదండీ" అని, నాన్న మొహం చూసి నాలిక్కరుచుకుని "అంటే, పై ఫ్లోర్ కి" అంది.