బిందె మీద పేరు

హన్మకొండ

తమ్ముడూ,

బైరాన్‌పల్లి మీద నువ్వు రాసిన కథ అందింది. బురుజు మీద కాపలా కాసేవాళ్ల ఘట్టం రెండుసార్లు చదివాను. ఒకటడుగుతా, కోపం తెచ్చుకోకు. నీ కథలో దుర్మార్గులంతా బయటి నుంచే వచ్చారేంటి?

1948 ఆగస్టు 27న ఆ ఊరి మీద పడింది రజాకార్లూ నిజాం బలగాలే. కానీ అంతకు రెండేళ్ల ముందు, 1946 జులై 4న, కడవెండిలో దొడ్డి కొమురయ్యను కాల్చింది విసునూరు దొర, ఆ దేశ్‌ముఖ్ మనుషులు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ పంట మీదికి వచ్చిందీ వాళ్లే. మన భాషే మాట్లాడారు, మన పండుగలే చేశారు. నీ కథలో దొర ఒక్కచోటే కనిపిస్తాడు, అదీ గింజలు పంచుతూ. వెట్టి అన్న మాటే లేదు. పాపమంతా రజాకార్ల ఖాతాలో రాసేస్తే దొరలకు ఎంత సుఖమో చూడు.

బైరాన్‌పల్లి జరిగిన సరిగ్గా మూడు వారాలకు, సెప్టెంబర్ 17న, నిజాం లొంగిపోయాడు. (ఆ రోజు విమోచనమా, విలీనమా, విద్రోహమా అని మనవాళ్లకు ఇప్పటికీ కొట్లాటే.) నీ కథ అక్కడ జెండాతో ఆగింది. ఆ తర్వాత మరాఠ్వాడా, బీదర్, గుల్బర్గా వైపు రజాకార్లతో ఏ సంబంధమూ లేని ముస్లింలను కూడా చంపారు. భారత ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ ఆ ఊళ్లు తిరిగి చూసి, తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది పోయారని చెప్పింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు. దీన్ని కథలో ఇరికించమనను. బైరాన్‌పల్లి దుఃఖానికి ఎదురు తూకం వేయడం ఇంకా పాపం. కానీ ఇది తెలిసినవాడు ఆ చివరి పేరా అంత హుషారుగా రాయలేడు.

నేను మాత్రం తక్కువ తిన్నానా? మా ఇంట్లో ఒక ఇత్తడి బిందె ఉండేది. మెడ మీద చుక్కలు చుక్కలుగా కొట్టించిన పేరు మా వాళ్లది కాదు. చదవడం కొత్తగా వచ్చిన రోజుల్లో అది చదివి, ఎవరిదని నాయనమ్మను అడిగా. "అప్పు కింద వచ్చింది బిడ్డా" అంది, చింతపండుతో తోముతూనే. మా తాత పట్వారీ, ఊరి భూముల లెక్కలు రాసేవాడు. వెట్టి మీద నేను బోలెడు కథలు రాశాను. అన్నింట్లో దొరలే. పట్వారీ ఒక్కదాంట్లోనూ లేడు.

యాభై దాటాక ఆ బిందె పట్టుకుని ఆ పేరున్న ఇంటికి పోయాను. మనుమడు చాయ్ ఇచ్చాడు. బిందె సంగతి వాళ్లకు తెలియదు. పోయిన భూమి సంగతి మాత్రం సర్వే నంబరుతో సహా తెలుసు. "ఇదేం చేసుకుంటం సార్" అని బిందె నా ముందుకే జరిపాడు. దాని మీద ఇప్పటికీ కథ రాయలేకపోయాను.

మీ అమ్మమ్మది ఆ పక్క ఊరే కదా. ఆ రోజుల్లో మీ ముత్తాత ఎవరి దగ్గర పనిచేశాడో, ఎవరి చేత పనిచేయించుకున్నాడో అడుగు. ఆమెకు ఓపిక ఉన్నప్పుడు, పొద్దుటి పూట. మళ్లీ రాసి పంపు. ఈసారి అక్షరాలు కాస్త పెద్దగా రాయి, నా కళ్లు ఆనడం లేదు.

మీ అన్న