పంపు దగ్గర 12 వోల్టులు వస్తున్నా ఫ్యూయల్ పంపు తిరగట్లేదు. మార్చేయాలా?

ఇప్పుడే డబ్బు పెట్టకండి. కీ ఆన్ చేస్తే ట్యాంకు వైపు నుంచి రావాల్సిన జుయ్‌మనే శబ్దం రావట్లేదు, కనెక్టర్ ఊడదీసి మీటర్ పెడితే 12 వోల్టులు చూపిస్తోంది, కాబట్టి పంపే పోయిందని మెకానిక్ తేల్చేశాడు అంటున్నారు. ఆ 'కాబట్టి' దగ్గరే నాకు ఒళ్లు మండుతుంది.

మీటర్ కరెంటు లాగదు. వైరు లోపల తీగలన్నీ తెగి ఒక్క పోగు మిగిలినా అది దర్జాగా 12 చూపిస్తుంది. పంపుకేమో నాలుగైదు ఆంపియర్లు కావాలి. పంపు తగిలించిన మరుక్షణం ఆ వోల్టేజీ ఎక్కడికి పోతుందో తెలియదు. మీటర్ మనకి చెప్పదు, ఎందుకంటే దాన్ని మనం పంపు తీసేసి పెట్టాం.

మాది మహారాష్ట్రలోని సిరొంచ. గోదావరికి అవతల కాళేశ్వరం, ఇవతల మేము. ఇంట్లో తెలుగు, ఆఫీసుల్లో మరాఠీ. అల్లాపల్లి రోడ్డు మీద ప్యాసింజర్ వ్యాను తిప్పేవాణ్ణి. ఆ రోడ్డు సంగతి ఎత్తితే జవాబు ఇక్కడితో ఆగదు. వానాకాలం బురద, ఎండాకాలం దుమ్ము, మధ్యలో గుంతలు. బండి కింద ఉన్న ప్రతి నట్టూ ప్రతి వైరూ ఏడాదిలోనే ముసలిదైపోతుంది. ఏ కంపెనీ బండయినా అంతే.

2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలు. సిరొంచ ఘాటుకి జనం విరగబడి వస్తున్నారు. మా వాళ్లకి ఏడాది మొత్తం సంపాదన ఆ పన్నెండు రోజుల్లోనే అన్నట్టుగా ఉంది. బండి నిండా మనుషులు, పైన మూటలు. జిమలగట్ట దాటాక బండి గుటగుటమని ఆగిపోయింది. అరగంట చల్లారనిస్తే మళ్లీ స్టార్ట్. కొంత దూరం పోయాక మళ్లీ అదే. ఎండ చూస్తే మాడు పగిలేలా ఉంది. వెనక సీట్లో ఒక పెద్దమ్మ 'పుష్కరం అయిపోయేలోపు తీసుకుపోతవా బిడ్డా' అని అడుగుతూనే ఉంది.

అంతకు నెల ముందే నది అవతల ఒక పెద్ద గ్యారేజీలో ఇదే జబ్బుకి పంపు మార్చారు. బండి కంప్యూటర్‌లోని తప్పులు చదివే స్కానర్ తగిలించారు, తప్పేమీ చూపించలేదు. అయినా పంపు మార్చారు. అసలు మా గడ్చిరోలి జిల్లా ఎంహెచ్-33 నెంబర్ ప్లేటు కనిపించగానే అక్కడ రేటు ఒక మెట్టు ఎక్కుతుంది. హిందీలో బేరం మొదలుపెడతారు. మనం తెలుగులో మాట్లాడితే కాసేపు నవ్వుతారు కానీ రేటు మాత్రం దిగదు.

ట్రాక్టర్‌తో లాగించుకొని సిరొంచ చేరాం. బస్టాండు దగ్గర ఆటోలకీ ట్రాక్టర్లకీ వైరింగ్ చేసే కాక ఒకాయన ఉన్నాడు. ఆయన దగ్గర స్కానర్ లేదు. పాత హెడ్‌లైట్ బల్బు ఒకటి ఉంది, హెచ్4 బల్బు, 60/55 వాట్లది, కాళ్లకి రెండు వైర్లు సోల్డర్ చేసి పెట్టుకున్నాడు. తునికాకు సీజన్ కదా, ఊరంతా బీడీలే. కాక నోట్లో బీడీ తీసి, ఆర్పి, రోడ్డు అవతలికి విసిరి వచ్చాక గానీ ట్యాంకు దగ్గర చెయ్యి పెట్టలేదు. ఇది మీరూ పాటించండి. బల్బు వైర్లు ముందు గట్టిగా తగిలించి, బల్బుని ట్యాంకుకి దూరంగా పెట్టి, ఆ తర్వాతే కీ తిప్పాలి. పెట్రోలు ఆవిరి దగ్గర నిప్పురవ్వ పుట్టకూడదు.

కీ ఆన్ చేస్తే పంపుకి కరెంటు రెండు మూడు సెకన్లే వస్తుంది, ఇంజిన్ తిరగకపోతే కంప్యూటర్ ఆపేస్తుంది. అందుకని కాక, పంపుకి కరెంటు కలిపే స్విచ్చు లాంటి రిలే పీకేసి, 30, 87 కాళ్లు కూర్చునే రంధ్రాల మధ్య ఫ్యూజున్న చిన్న వైరు పెట్టాడు. నెంబర్లు రిలే అడుగునే ఉంటాయి. 85, 86 జోలికి మాత్రం పోకండి, అది కంప్యూటర్‌కి పోయే దారి.

పంపు కనెక్టర్‌లో బల్బు పెట్టాడు. వెలగాల్సిన బల్బు, ఊదని పొయ్యిలో నిప్పులా ఎర్రగా మిణుకుమంది. మీటర్ అదే చోట అంతకుముందే 12 చూపించింది! తర్వాత బల్బు రెండో కాలుని కనెక్టర్‌లోంచి తీసి, పొడవాటి వైరుతో నేరుగా బ్యాటరీ మైనస్‌కి కలిపాడు. కళ్లు చెదిరేలా వెలిగింది. 'పంపు మంచిగనే ఉంది తమ్మీ, ఎర్త్ మంచిగ లేదు' అన్నాడు. ఎర్త్ అంటే కరెంటు బ్యాటరీకి తిరిగి పోయే దారి.

వెనక చక్రం పక్కన ఛాసిస్‌కి బిగించిన ఎర్త్ బోల్టు అది. విప్పితే వాషర్ కింద మట్టి, తుప్పు. వైరు చివర ఉండే రింగు లగ్గులో దూరిన రాగి తీగలు పచ్చటి పొడిగా మారి వేలికి అంటుకున్నాయి. కుళ్లిన ముక్క కోసేసి, కొత్త లగ్గు వేసి, ఛాసిస్ తెల్లగా మెరిసేదాకా గీకి, బిగించి పైన గ్రీజు పూశాడు. తీసుకున్న డబ్బులు భోజనం ఖర్చంత కూడా లేవు. పెద్దమ్మ సాయంత్రం లోపే స్నానం చేసింది.

మీ బండి విషయానికి వస్తే, ముందు ఫ్యూజు చూడండి. అదే సైజు వేరే రిలే ఉంటే మార్చి చూడండి. రిలే టక్‌మన్నంత మాత్రాన బాగున్నట్టు కాదు, లోపల పాయింట్లు కాలిపోయినా ఆ శబ్దం వస్తుంది. తర్వాత బల్బు. రెండు వైర్ల మధ్య బల్బు ఫుల్‌గా వెలుగుతూ, కనెక్టర్ పెట్టాక పంపు మాత్రం ఉలకకపోతే అప్పుడు మార్చండి, నాకేం అభ్యంతరం లేదు. మీటరే వాడతానంటే పంపు తగిలించి, కరెంటు పారుతుండగా, దాని ఎర్త్ వైరుకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య కొలవండి. 0.2 వోల్టుల లోపు ఉండాలి. అర వోల్టు దాటితే ఎర్త్ విప్పాల్సిందే. మ్యూజిక్ సిస్టమ్ పెట్టించినప్పుడు టేపు చుట్టి వదిలేసిన జాయింట్లు ఉంటే వాటిని కూడా అనుమానించండి. నా లెక్కలో సగానికి సగం పంపులు ఊరికే మారుతున్నాయి.

ఒకవేళ మార్పించినా పాత పంపు అడిగి ఇంటికి తెచ్చుకోండి. నాది అడిగితే 'చెత్తలో పడేశాం' అన్నారు. బంగారంలాంటి పంపు, ఇప్పుడు ఎవరి బండిలో తిరుగుతోందో.