ల్యాప్‌టాప్ నెట్‌ని ప్లేస్టేషన్‌కి ఇస్తే దొంగతనమా?

ప్రశ్న: హైదరాబాద్ ఎస్.ఆర్.నగర్‌లో ఒక పీజీలో ఉంటున్నాను. అద్దెలోనే వైఫై కలిపి ఉంది. చేరేటప్పుడు సంతకం పెట్టించుకున్న కాగితంలో 'ఒక్కొక్కరికి రెండు డివైస్‌లు మాత్రమే' అని రాశారు. నా ఫోన్, ల్యాప్‌టాప్‌తో ఆ రెండూ సరిపోయాయి. ఇంటి నుంచి తెచ్చుకున్న పీఎస్4 (ప్లేస్టేషన్ 4 గేమ్ కన్సోల్)లో ఇక్కడి వైఫై లాగిన్ పేజీ తెరుచుకోవడం లేదు. అందుకని ల్యాప్‌టాప్‌కి వైఫై ఎక్కించి, అక్కడి నుంచి లాన్ కేబుల్‌తో పీఎస్4కి నెట్ ఇచ్చుకున్నాను. ఓనర్ చూసి 'ఇది డేటా దొంగతనం, సైబర్ క్రైమ్‌లో కేసు పెడతా' అన్నారు. నేను ఆఫీసులో ఉండగా గదిలోంచి పీఎస్4 పట్టుకుపోయారు. పది వేలు కడితేనే ఇస్తారట, లేదంటే అడ్వాన్స్‌లో కోస్తారట. పక్కగది అబ్బాయి కూడా నా హాట్‌స్పాట్ వాడుకుని నెలకు 200 రూపాయలు ఇస్తుంటాడు. నా మీద నిజంగా కేసు అవుతుందా?

జవాబు: ముందు టెన్షన్ తగ్గించుకోండి. మీరు రాసిన దాన్ని బట్టి ఆ కేబుల్ మిమ్మల్ని జైలుకు తీసుకెళ్లదు. ఆ 200 రూపాయల సంగతి వేరు. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఓనర్ చెబుతున్న 'సైబర్ క్రైమ్' ఐటీ చట్టం, 2000లోని 43, 66 సెక్షన్లు అయి ఉండాలి. యజమాని అనుమతి లేకుండా ఒకరి కంప్యూటర్‌లోకో నెట్‌వర్క్‌లోకో చొరబడితే నష్టపరిహారం కట్టాలని 43 చెబుతుంది. అదే పని మోసపూరితంగానో, దురుద్దేశంతోనో చేస్తే మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ అని 66 చెబుతుంది. ఇక్కడ దురుద్దేశం అంటే తనకు అన్యాయంగా లాభం రావాలనో, ఎదుటివాడికి అన్యాయంగా నష్టం కలగాలనో చేయడం.

మీ విషయంలో పాస్‌వర్డ్ ఇచ్చింది ఓనరే. అద్దెలో వైఫై డబ్బులు తీసుకున్నదీ ఆయనే. వేరేవాళ్ల లాగిన్‌తో దూరి ఉంటే నా జవాబు ఇలా ఉండేది కాదు. ఇంకొకరి పాస్‌వర్డ్‌ని మోసంతో వాడితే 66సి అనే సెక్షన్ విడిగా ఉంది. మీరు మీ లాగిన్‌తో మీ ల్యాప్‌టాప్‌కి నెట్ తీసుకున్నారు. దాన్ని మీ సొంత పెట్టెకే మళ్లించారు. 'ఇచ్చిన అనుమతి దాటాడు కదా' అని ఓనర్ తరఫు లాయర్ వాదించవచ్చు. కానీ నిబంధన మీరడం ఒకటి, నేరం చేయడం ఒకటి. మీది ఎక్కువలో ఎక్కువ ఒప్పంద ఉల్లంఘన, అంటే సివిల్ తగాదా.

ఆ ఉల్లంఘన కూడా తేల్చి చెప్పలేం. మా అబ్బాయి గదిలోనూ ఇలాంటి కేబులే మంచం కింద వేలాడుతుంటుంది కాబట్టి నాకు కాస్త తెలుసు. విండోస్‌లో నెట్ షేరింగ్ ఆన్ చేస్తే ల్యాప్‌టాపే చిన్న రూటర్ అయిపోయి, కన్సోల్‌కి 192.168.137తో మొదలయ్యే అడ్రస్ ఒకటి ఇస్తుంది. పీజీ రూటర్‌కి మాత్రం ల్యాప్‌టాప్ ఒక్కటే కనిపిస్తుంది. అంటే వైఫైకి తగిలించిన డివైస్‌లు రెండే. 'డివైస్' అంటే నెట్ వాడే ప్రతి వస్తువూ అని కాగితంలో రాయలేదు. రెండు అర్థాలు వచ్చే షరతును, దాన్ని రాసుకున్నవాడికి వ్యతిరేకంగా చదవడం కోర్టుల్లో పాత పద్ధతే. అయితే ఈ పాయింట్ మీద మరీ ధీమాగా ఉండకండి. ఒక్కో గేమ్ డౌన్‌లోడ్ వంద జీబీ దాటుతున్న రోజులివి. ఓనర్ కనెక్షన్‌కి నెలవారీ పరిమితి ఉండి, అది దాటాక పీజీ మొత్తానికి స్పీడ్ పడిపోతే, అడిగే హక్కు ఆయనకు ఉంటుంది.

ఇక ఆ పది వేలు. కాంట్రాక్ట్ చట్టం, 1872లోని సెక్షన్ 74 ప్రకారం ఒప్పందంలో జరిమానా అంకె రాసి ఉన్నా, కోర్టు ఇప్పించేది ఆ అంకెకు మించని సమంజసమైన పరిహారమే. మీ కాగితంలో అసలు అంకే లేనట్టుంది. అలాంటప్పుడు తనకు జరిగిన నష్టం ఎంతో ఆయనే చూపించాలి. అది పది వేలు ఎలా అయిందో నాకైతే అంతు పట్టలేదు.

పీఎస్4 తీసుకెళ్లడం మాత్రం ఆయనకే ఇబ్బంది తెచ్చే పని. ఒకరి వస్తువును అతని సమ్మతి లేకుండా తీసుకెళ్లి, డబ్బిస్తేనే తిరిగి ఇద్దామని అట్టిపెట్టుకోవడం దొంగతనమేనని పాత ఐపీసీలోని సెక్షన్ 378 కింద ఒక ఉదాహరణ ఉండేది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో దొంగతనం సెక్షన్ 303. మిమ్మల్ని దొంగ అన్న మనిషి ఆ ఉదాహరణకు మీకన్నా దగ్గరగా ఉన్నాడు! 'నాకు రావాల్సిన డబ్బు కోసమే పెట్టుకున్నాను' అని ఆయన అంటారు, కాబట్టి వెంటనే స్టేషన్‌కి పరుగెత్తమని చెప్పను. ఓనర్‌కి రాసే మెసేజ్‌లో ఒక మాట రాస్తే చాలు, అది చివర్లో చెబుతాను.

ఇప్పుడు ఆ 200 రూపాయలు. మీరు చివర్లో మాటవరసకు రాసిన ఈ ముక్కే నన్ను ఆపింది. డబ్బు తీసుకుని వేరేవాళ్లకు నెట్ ఇవ్వడం సొంత వాడకం కిందికి రాదు. ఇంటర్నెట్ సేవ అమ్మాలంటే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. 200 రూపాయలకు ఎవరూ మిమ్మల్ని టెలికాం కంపెనీ అనుకోరు గానీ, 'అన్యాయంగా లాభం' అని ఓనర్ అనడానికి దారి దొరికేది ఇక్కడే. దీనికన్నా పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. ఆ అబ్బాయి ఫోన్లో ఏం చేసినా పీజీ వైఫై లాగ్‌లో, అంటే ఎవరు నెట్ వాడారో నమోదయ్యే రికార్డులో పడేది మీ లాగిన్, మీ ల్యాప్‌టాప్. 2008 అహ్మదాబాద్ పేలుళ్లప్పుడు బెదిరింపు ఈమెయిల్ వెళ్లింది నవీ ముంబైలో ఒక అమెరికన్ ఇంట్లోని వైఫై నుంచి. ఆయనకు ఏ పాపం తెలియదు. అయినా పోలీసులు ముందు తట్టింది ఆయన తలుపే. మీ పక్కగది అబ్బాయి బంగారంలాంటివాడే అయుండొచ్చు. రేపు అతను డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలోకి దిగినా తెలంగాణలో అది నేరమే, మొదటి ప్రశ్న మీకే వస్తుంది. ఈ రోజే హాట్‌స్పాట్ ఆపేయండి. ఈ నెల డబ్బులు తిరిగి ఇచ్చేయండి, ఫోన్‌పే అయితే మరీ మంచిది.

ఒకవేళ స్టేషన్ నుంచి పిలుపు వస్తే తప్పించుకోకండి. సెక్షన్ 66 బెయిల్ దొరికే నేరం. ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న ఇలాంటి కేసుల్లో మామూలుగా బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) సెక్షన్ 35(3) కింద నోటీసు ఇచ్చి పిలుస్తారు. పీజీ ఒప్పందం, అద్దె రసీదులు పట్టుకుని వెళ్లండి.

ప్రస్తుతానికి ఆ లాన్ కేబుల్ కూడా తీసి పక్కన పెట్టండి. ఓనర్‌కి వాట్సాప్‌లోనే మర్యాదగా రాయండి: ఫలానా తేదీన నా గదిలోంచి పీఎస్4 తీసుకున్నారు, వారం లోపు ఇవ్వండి, అడ్వాన్స్‌లో కోత పెట్టే హక్కు మీకు లేదు, కన్సోల్ వాడుకోవడానికి విడిగా ఏమైనా కట్టాలంటే చెప్పండి, మాట్లాడుకుందాం. మూడొంతుల తగాదాలు ఈ చివరి వాక్యం దగ్గరే తెగిపోవడం నేను చూశాను. ఇవ్వకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. డబ్బులు తీసుకుని నడిపే పీజీ కూడా సేవే కాబట్టి జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. మీ చిన్న మొత్తానికి ఫీజు ఉండదు, రెండేళ్ల లోపు వేయాలి. పీఎస్4 అట్టపెట్టె ఇంకా మీ ఊళ్లో ఉంటే, దాని మీద సీరియల్ నంబర్ ఉంటుంది. అమ్మగారితోనో నాన్నగారితోనో దాని ఫోటో ఇవాళే తీయించి పంపించుకోండి.