కీ తిప్పగానే మీటర్‌లో పసుపు లైట్లు వెలుగుతుంటే

మీ కొత్త బీఎస్6 (పొగ కాలుష్య ప్రమాణం) బైక్ కీ ఆన్ చేయగానే ఇంజిన్ బొమ్మ, ఏబీఎస్ (బ్రేకు గట్టిగా నొక్కినా చక్రం లాకవకుండా చూసే ఏర్పాటు) లైటు రెండూ వెలుగుతున్నాయి, జూబ్లీహిల్స్ ఎత్తు ఎక్కేటప్పుడు పెట్రోల్ గీతలు పడిపోతున్నాయి, షోరూంకి తీసుకెళ్లాలా అని అడిగారు. అక్కర్లేదండీ. ఆ లైట్లు ఎప్పుడు ఆరుతున్నాయో గమనించండి చాలు.

ఇంజిన్ బొమ్మ స్టార్టయ్యాక ఆరిపోవాలి. కీ ఆన్‌లో అసలు వెలగకపోయినా అనుమానించాలి, ఆ లైటే పనిచేయట్లేదేమో. సెకండ్ హ్యాండ్ బండి చూసేటప్పుడు ముందు ఇదే చూడండి. నడుస్తుండగా వెలిగి అలాగే ఉండిపోతే, వాటర్ వాష్‌లో తడిసిన సెన్సర్ కనెక్టర్, డౌనైన బ్యాటరీ మామూలు కారణాలు. బ్యాటరీ వైరు పీకి మళ్లీ పెడితే కొన్ని బళ్లలో లైటు పోతుంది కానీ జబ్బు పోదు. స్కానర్ పెట్టి, జబ్బేంటో చెప్పే కోడ్ చదివించాకే పార్టు మార్చనివ్వండి.

ఏబీఎస్ లైటు బండి కదలనిదే ఆరదు. చాలా బళ్లలో గంటకు 5 నుంచి 10 కిలోమీటర్ల వేగం దాటాలి. నిలబెట్టి ఎంత రేజ్ చేసినా లాభం లేదు. మెకానిక్ సెంటర్ స్టాండ్ వేసి గేరులో వెనక చక్రం తిప్పినా ఇది వెలుగుతుంది. ముందు చక్రం కదలకుండా వెనకది తిరుగుతుంటే చక్రం వేగం కొలిచే సెన్సర్ పోయిందని బండి అనుకుంటుంది మరి! కీ ఆఫ్ చేసి, ఆన్ చేసి, కాస్త దూరం నడపండి. అప్పటికీ ఆరకపోతే డిస్కు పక్కనున్న కన్నాల రింగు మీద బురద, టైరు విప్పినప్పుడు వంగిన రింగు, తెగిన సెన్సర్ వైరు చూడాలి. ఈలోగా బ్రేకులు పడతాయి గానీ తడి రోడ్డు మీద గట్టిగా నొక్కితే చక్రం లాకవ్వొచ్చు.

పెట్రోల్ గీతల సంగతి తేలిక. ట్యాంకులో తేలే ఫ్లోట్ కొలిచేది దానిచుట్టూ ఉన్న మట్టాన్నే. ఎత్తులో పెట్రోల్ ఒక పక్కకి జరుగుతుంది, సైడ్ స్టాండ్ మీదా అంతే. చదునైన చోట బండి నిటారుగా నిలబెట్టి చూడండి. ఫుల్ ట్యాంక్ చేయించిన ప్రతిసారీ ట్రిప్ మీటర్ సున్నా చేసుకుంటే ఇంకా నమ్మకం.

ఎర్రటి నూనెడబ్బా బొమ్మ, అంటే ఇంజిన్ ఆయిల్ హెచ్చరిక మాత్రం వేరు. మీ మోడల్‌లో అది ఉండి, నడుస్తుండగా వెలిగితే పంజాగుట్ట ట్రాఫిక్ మధ్యలో ఉన్నా సరే, పక్కకి తీసి వెంటనే ఇంజిన్ ఆపేయండి. ఆయిల్ లెవెల్ చూడకుండా మళ్లీ స్టార్ట్ చేయొద్దు. లెవెల్ సరిగ్గానే ఉంటే ఆటో ట్రాలీ ఎక్కించి షెడ్డుకి పంపండి.