తెడ్డుమూతి కొంగను చూడటానికి వస్తున్న శ్రావణికి

చిరంజీవి శ్రావణికి పెద్దమ్మ ఆశీస్సులు.

సంక్రాంతి సెలవులకు పిల్లలిద్దరినీ తీసుకుని సూళ్లూరుపేట దగ్గరి మా నేలపట్టు పక్షుల చెరువుకు వస్తున్నావని, పెద్దవాడు పుస్తకంలో బొమ్మ చూసి తెడ్డుమూతి కొంగ కోసమే పట్టుబట్టాడని చదివి ఎంత సంతోషించానో. ఇక్కడికి వచ్చేవాళ్లలో చాలామంది గూడబాతుల కోసం, ఫ్లెమింగోల కోసం వస్తారు. ఈ పక్షి పేరు చెప్పి అడిగేవాళ్లు తక్కువ. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందుగా వాడి పుస్తకంలో బొమ్మ ఏ రంగులో ఉందో చూడు. గులాబీ రంగయితే అది అమెరికా ఖండాల్లో ఉండే పక్షి. ఆ ఈకలతో విసనకర్రలు చేయడానికి 19వ శతాబ్దంలో ఫ్లోరిడాలో వాటిని వేటాడి దాదాపు తుడిచిపెట్టేశారు. ప్రపంచంలో ఉన్న 6 రకాల్లో మిగిలిన అయిదూ తెల్లనివే, మనదీ తెల్లనిదే. ఈ సంగతి బయలుదేరకముందే చెప్పు. లేకపోతే వాడు ఇక్కడ గులాబీ రంగు కోసం వెతుకుతాడు.

మధ్యాహ్నం మాత్రం రావద్దు. ఎండెక్కాక ఇవి గట్టు మీద గుంపుగా, ఒంటికాలి మీద నిలబడి, ముక్కును వీపు ఈకల్లో దాచుకుని నిద్రపోతాయి. దూరం నుంచి తెల్లటి మూటలు పేర్చినట్టు ఉంటుంది, అంతే. పిల్లవాడు దేనికోసం ఇంత దూరం వస్తున్నాడో ఆ ముక్కే కనిపించదు. ముందురోజు రాత్రికే సూళ్లూరుపేట చేరి, తెల్లవారేసరికి చెరువు దగ్గర ఉండండి. కుదరకపోతే సాయంత్రం 4 దాటాక రండి. ఇవి రాత్రిపూట కూడా మేస్తాయి కాబట్టి పొద్దువాలే వేళ మేతకు బయలుదేరేవి కనిపిస్తాయి.

పైన ఎగురుతుంటే గుర్తుపట్టడం తేలిక. మామూలు తెల్లకొంగ మెడను మడిచి భుజాల మధ్యకు లాక్కుని ఎగురుతుంది. ఇది మెడను ముందుకు, కాళ్లను వెనక్కు చాచి, కాసేపు రెక్కలాడించి కాసేపు తేలుతూ పోతుంది. పేరులో కొంగ ఉన్నా నిజానికి ఇది కంకణాల (ఐబిస్ పక్షుల) కుటుంబానికి చెందినది. ముక్కు కొస నుంచి తోక దాకా దాదాపు 80 నుంచి 90 సెంటీమీటర్ల పొడవు, నల్లటి కాళ్లు, చివర పసుపు పూసినట్టున్న నల్లటి ముక్కు. గూడు కట్టే రోజుల్లో తల వెనుక కుచ్చు వేలాడుతుంది, మెడ కింద పసుపు ఛాయ వస్తుంది. ముక్కు గులాబీ ఛాయలో, రెక్కల చివర్లు నల్లగా ఉంటే అది ఈడు రాని పిల్ల. వేరే పక్షి అనుకోవద్దు.

ఇక అసలు సంగతి. ఒక్క పక్షిని ఎంచుకుని అరగంట దాని మీదే కళ్లు పెట్టండి. పదింటిని చూసి పది ఫొటోలు తీసుకోవడం కంటే అదే ఎక్కువ ఇస్తుంది. మోకాలి లోతు కూడా లేని నీటిలో అది ముక్కును సగం తెరిచి ముంచి, తలను ఇటునుంచి అటు, అటునుంచి ఇటు తిప్పుతూ నడుస్తుంది. పాయసం అడుగంటకుండా గరిటె తిప్పినట్టే ఉంటుంది ఆ కదలిక. గరిటెను గెంటె అనేవాళ్లు దీన్ని గెంటెమూతి కొంగ అన్నారు. ఎంత చక్కగా పెట్టారో ఆ పేరు! బురదనీటిలో దానికి ఏమీ కనిపించదు, కనిపించనక్కర్లేదు కూడా. ఆ తెడ్డు లోపలి అంచులకు స్పర్శ ఎక్కువ. చిన్న చేపో, రొయ్యో, నీటి పురుగో తగిలిందంటే ముక్కు టక్కున మూసుకుంటుంది. వెంటనే తల పైకి విసిరి, దొరికినదాన్ని గొంతులోకి జార్చుకుంటుంది. ముక్కు రంధ్రాలు మొదట్లో, పైవైపున ఉంటాయి కాబట్టి కొస నీటిలో ఉన్నా ఊపిరికి ఇబ్బంది లేదు. నేను వందలసార్లు చూశాను. ఇప్పటికీ ఆ తల ఊపు మొదలైతే అడుగు ముందుకు పడదు నాకు.

మేత మేసేవాటిని చూడటానికి నేలపట్టు చెరువు కంటే పులికాట్ మంచిది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు సరస్సు మధ్య నుంచే పోతుంది. నీళ్లు పలచగా ఉన్నచోట బండి పక్కకు ఆపి, లోపలే కూర్చుని చూడండి. పక్షులు బండికి అంతగా బెదరవు, దిగి నడిచే మనిషిని చూస్తే లేచిపోతాయి.

గూళ్లకు మాత్రం నేలపట్టే. అక్కడ నీటిలో నిలబడిన కడప చెట్ల మీద గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, ఇవీ కలిసి కాపురం ఉంటాయి. పరిశీలన గోపురం ఎక్కి చూడండి. గుడ్డులోంచి వచ్చినప్పుడు పిల్లకు ఈ తెడ్డు ఉండదు. పొట్టిగా, మెత్తగా ఉన్న ముక్కు పెరిగేకొద్దీ చివర వెడల్పవుతుంది. ఆకలేస్తే పిల్ల తల్లి గొంతులోకే ముక్కు దూర్చి తింటుంది. అది చూడటం దొరికితే మీ అదృష్టం.

గోపురం దాటి ఒక్క అడుగు కూడా ముందుకు వెళ్లవద్దు. చాలా ఏళ్ల క్రితం ఒక ఊరి చెరువు దగ్గర, ఫొటో కోసం నేను నత్తగుల్ల కొంగల చెట్టు కిందికి వెళ్లాను. పెద్దపక్షులన్నీ ఒక్కసారిగా లేచాయి. అవి తిరిగి వచ్చేలోపే కాకులు రెండు గూళ్లలో గుడ్లు పొడిచేశాయి. ఆ పచ్చసొన కొమ్మ మీద కారడం నేను మరచిపోలేదు. పిల్లలు చప్పట్లు కొట్టకుండా, కేకలు వేయకుండా చూసుకో. మీ ఆయన కెమెరా డ్రోన్ తెస్తానన్నాడట, దాన్ని ఇంట్లోనే ఉంచమను.

ఊరివాళ్లు ఎదురైతే నమస్కారం చెప్పి రెండు మాటలు మాట్లాడు. పక్షుల రెట్టలు కలిసిన చెరువు నీళ్లు వరికి ఎరువని వాళ్లకు తరాలుగా తెలుసు. ఆ పక్షులను వాళ్లు తమవిగానే చూసుకున్నారు. నేలపట్టు 1976లో అభయారణ్యం అయింది, అంతకుముందు వాటికి కాపలా వాళ్లే.

ముదురు రంగు బట్టలు వేసుకోండి, ఎరుపు, తెలుపు వద్దు. బైనాక్యులర్ కొనకు, నా దగ్గర రెండున్నాయి. బయలుదేరే ముందు ఫోన్ చెయ్యి. చెరువులో నీళ్లు ఎంతున్నాయో కనుక్కుని చెబుతాను. వాన సరిగా పడని ఏడు ఆ చెట్లు ఖాళీగా ఉంటాయి, అప్పుడు పులికాట్‌కే నేరుగా వెళదాం.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ