పాత ల్యాప్‌టాప్‌కు ఎస్‌ఎస్‌డీ వేయించాలా, కొత్తది వాయిదాల మీద కొనాలా?

ప్రశ్న: మాది చిత్తూరు. మామిడి మండీలకు, బెల్లం దుకాణాలకు లెక్కలు రాసి, జీఎస్టీ రిటర్నులు వేస్తుంటాను. జూన్ నుంచి ఆగస్టు వరకు నెలకు 35 వేలు, మిగతా నెలల్లో 15 వేలు వస్తాయి. 2019లో కొన్న ల్యాప్‌టాప్‌లో ఎనిమిదో తరం ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్‌డిస్క్ ఉన్నాయి. డిస్క్‌లో 180 జీబీ నిండింది. ఆన్ చేశాక పనికి రావడానికే పది నిమిషాలు పడుతోంది. రిపేరు షాపులో హార్డ్‌డిస్క్‌కు బదులు వేసే 500 జీబీ ఎస్‌ఎస్‌డీకి (చిప్‌లలో సమాచారం దాచే డ్రైవ్) బిగింపుతో కలిపి 5,200 అడిగారు. కొత్త ల్యాప్‌టాప్ 54 వేలు; 10 శాతం వడ్డీతో 18 నెలలు, నెలకు 3,450 కట్టాలి, పన్ను కూడా కలిసొస్తుందన్నారు. బ్యాంకులో 38 వేలు ఉన్నాయి. 50 వేల చీటీ ఇప్పుడు పాడితే 39 వేలు చేతికొస్తాయి. ఏం చేయమంటారు?

జవాబు: హార్డ్‌డిస్క్ తీయించి ఎస్‌ఎస్‌డీ వేయించండి. కొత్త ల్యాప్‌టాప్ ఇప్పుడు వద్దు, చీటీ అసలే పాడవద్దు.

మీ హార్డ్‌డిస్క్‌లో గుండ్రంగా తిరిగే పళ్లెం మీద ఒక చిన్న చేయి అటూ ఇటూ కదులుతూ సమాచారాన్ని వెతుకుతుంది. ఒక్కో వెతుకులాటకు పది మిల్లీసెకన్లకు పైగా పడుతుంది. విండోస్ తెరుచుకునేటప్పుడు వేలాది చిన్న ఫైళ్లను చదవాలి కనుక ఆ ఆలస్యమంతా పేరుకుని నిమిషాలవుతుంది. ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగమే లేదు, అదే పని మిల్లీసెకనులో చిన్న వంతులో ముగుస్తుంది. అయినా డబ్బు పెట్టే ముందు ఒకసారి నిర్ధారించుకోండి: యంత్రం మొరాయిస్తున్నప్పుడు ఏ భాగం ఎంత పనిచేస్తోందో చూపే విండోస్‌లోని టాస్క్ మేనేజర్ తెరిచి చూడండి. డిస్క్ దగ్గర 100 శాతం కనిపిస్తూ ప్రాసెసర్, మెమరీ ఖాళీగా ఉంటే రోగం డిస్క్‌దే. మెమరీ నిండిపోతుంటే మాత్రం ముందు ర్యామ్ సంగతి చూడాలి.

ప్రాసెసర్ ఏడో తరానిదై ఉంటే నా సలహా వేరుగా ఉండేది. విండోస్ 10కు మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. విండోస్ 11కు అధికారికంగా ఎనిమిదో తరమో, ఆ తరువాతిదో కావాలి. మీది ఆ గీత దాటి ఉంది కాబట్టే దాని మీద 5,200 ఖర్చు పెట్టమని ధైర్యంగా చెబుతున్నాను.

ఇక వాయిదాల లెక్క. మీకు చెప్పిన 10 శాతం ఫ్లాట్ వడ్డీ. అంటే మీరు నెలనెలా అసలు తీరుస్తున్నా, చివరి నెల వరకు మొత్తం 54 వేల మీదే వడ్డీ లెక్కగడతారు. 18 నెలల్లో మీరు కట్టేది 62,100. తగ్గుతున్న బాకీ మీద లెక్కేస్తే ఆ 8,100 అదనం సుమారు 18 శాతం వడ్డీకి సమానం. లెక్కలు రాసే మీకే ఇలా చెప్పారంటే, లెక్కలు తెలియని వారికి ఏమని చెబుతారోనని బాధ కలుగుతుంది.

వడ్డీ కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది మీ ఆదాయపు తీరు. వాయిదా ప్రతి నెలా ఒక్కలాగే వస్తుంది, మీ రాబడి అలా రాదు. 15 వేలు వచ్చే నెలలో 3,450 అంటే దాదాపు నాలుగో వంతు. పైగా మామిడి సీజను మన చేతిలో ఉండదు. 2025లో తోతాపురి ధర పడిపోయి, కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇచ్చేలా నిర్ణయించాల్సి వచ్చిన సంగతి మీరు మండీల లెక్కల్లోనే చూసి ఉంటారు. రైతుకూ మండీకీ డబ్బు ఆలస్యమైతే మీ ఫీజూ ఆలస్యమవుతుంది, వాయిదా మాత్రం ఆగదు.

పన్ను కలిసొస్తుందన్న మాట మీకు వర్తించదు. కంప్యూటర్ల మీద ఏడాదికి 40 శాతం తరుగుదలను ఖర్చుగా చూపించుకోవచ్చన్నది నిజమే. కానీ మీ ఏడాది రాబడి సుమారు 2,40,000. ఆదాయపు పన్ను కొత్త పద్ధతిలో 4 లక్షల వరకు పన్నే లేదు. కట్టని పన్నులో తగ్గేదేముంటుంది? చీటీ ఇప్పుడు పాడితే 11 వేలు వదులుకోవాలి, చేతికొచ్చిన 39 వేలు ల్యాప్‌టాప్‌కు చాలవు కూడా. చివరిదాకా ఉంచండి.

500 జీబీ మీకు సరిపోతుంది. ఎస్‌ఎస్‌డీల్లో సాటా, ఇంకా వేగమైన ఎన్‌వీఎంఈ అని రెండు రకాలున్నాయి; మీ పనికి వాటి మధ్య తేడా పెద్దగా తెలియదు. మీ మోడల్‌లో ఏది పడుతుందో షాపులో అడిగి అదే తీసుకోండి. ఎస్‌ఎస్‌డీ త్వరగా అరిగిపోతుందన్న భయం వద్దు: ఉదాహరణకు శాంసంగ్ 870 ఈవో 500 జీబీ డ్రైవ్‌కు ఐదేళ్లు లేదా దాని మీద 300 టెరాబైట్ల (ఒక టెరాబైట్ సుమారు వెయ్యి జీబీ) సమాచారం రాసేదాకా, ఏది ముందైతే అంతవరకు వారంటీ ఉంది. మీరు రోజుకు 20 జీబీ రాసినా ఏడాదికి 7.3 టెరాబైట్లే అవుతుంది. పేరున్న కంపెనీదే, సీరియల్ నంబరు వేసిన జీఎస్టీ బిల్లుతోనే కొనండి.

బ్యాంకులోని 38 వేల నుంచి ఈ 5,200 తీస్తే ఇంకా 32,800 మిగులుతాయి, అంటే రెండు బలహీన నెలల రాబడికి పైనే. ఆ మొత్తాన్ని కదపకండి. వాయిదాకు కట్టాలనుకున్న డబ్బులోంచే నెలకు వెయ్యి చొప్పున రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టి, సీజను మూడు నెలల్లో మరో నాలుగేసి వేలు విడిగా డిపాజిట్ చేయండి. ఏడాదికి 24 వేలవుతాయి. రెండేళ్లకు అది, వడ్డీ కలుపుకుని, దాదాపు ఒక కొత్త ల్యాప్‌టాప్ ధర.

డ్రైవ్ మార్పిడిని 20వ తేదీ 3బీ (పన్ను కట్టే నెలవారీ జీఎస్టీ) రిటర్నులు వేసేశాక పెట్టుకోండి; మరుసటి నెల 11న జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాల రిటర్ను) గడువులోపు ఏదైనా తేడా వచ్చినా సర్దుకునే వ్యవధి ఉంటుంది. షాపుకు వెళ్లే ముందు లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీలోని డేటాను మరోచోట కాపీ చేసి, డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే దాన్ని తెరిచే రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. పాత డిస్క్‌లోనిది కొత్త డ్రైవ్‌కు కాపీ పూర్తయ్యేదాకా షాపులోనే కూర్చోండి. పాత డిస్క్‌ను మాత్రం షాపులో వదిలి రావద్దు: అందులో మిమ్మల్ని నమ్మినవారి పాన్ కార్డులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఉన్నాయి. కొన్ని వందలకు యూఎస్‌బీ కేసు దొరుకుతుంది. దానిలో బిగించి బ్యాకప్‌కు వాడుకోండి, కానీ 2019 నుంచి తిరుగుతున్న డిస్క్ కనుక ఆ ఒక్కదాని మీదే ఆధారపడకుండా ఇంకో కాపీని పెన్‌డ్రైవ్‌లో ఉంచి ఇంట్లో వేరే చోట దాచండి.