కంపెనీతో టై-అప్ ఉందంటే చేర్చేయొచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి మదర్సా హాస్టల్లో ఉంటూ హిఫ్జ్ (ఖురాన్ కంఠస్థం) పూర్తిచేశాడు, ఉర్దూ మీడియంలో పది పాసయ్యాడు. ఒక రెసిడెన్షియల్ సంస్థ వాళ్లు దీనీ (మత సంబంధమైన) చదువుతో పాటు రోబోటిక్స్, ఏఐ నేర్పిస్తామని, పెద్ద కంపెనీతో టై-అప్ ఉందని అంటున్నారు. ఫీజు ఏడాదికి లక్ష పైనే. అక్కడ చేర్చమంటారా, ఐటీఐ మేలా, పాలిటెక్నిక్ మేలా?
– ఒక తండ్రి, నంద్యాల

జవాబు: మీ అసలు బెంగ కోర్సు గురించి కాదులెండి. బయటి హాస్టల్‌కు పంపితే నమాజు వదిలేస్తాడేమో, కష్టపడి చేసిన హిఫ్జ్ మరిచిపోతాడేమోనని. ఈ భయంతో వచ్చే తల్లిదండ్రులను చూస్తూనే ఉంటాను. ఖురాన్ మొత్తం కంఠస్థం చేసినవాడికి క్రమశిక్షణ ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. తెల్లవారుజామున ఫజర్ నమాజుకు లేచేవాడు ఉదయం షిఫ్టుకు ఆలస్యంగా పోడు. రోజూ కాస్త దౌర్, అంటే కంఠస్థం చేసింది మళ్లీ వల్లెవేసుకోవడం, ఏ హాస్టల్లోనైనా కుదురుతుంది.

టై-అప్ అంటేనే నాకు అనుమానం. చాలాచోట్ల ఎంఓయూ (అవగాహన ఒప్పందం) అంటే శాలువాలు కప్పుకుని దిగిన ఫొటో, అంతే. అప్రెంటిస్‌షిప్ ఒప్పందం మీ అబ్బాయి పేరున ప్రభుత్వ పోర్టల్లో నమోదవుతుందా, స్టైపెండ్ ఎంత, సర్టిఫికెట్ ఎన్‌సీవీటీ (జాతీయ వృత్తి శిక్షణ మండలి)దా లేక సంస్థ సొంతదా అని అడగండి. నిజమైన టై-అప్ కూడా చూడండి: తెలంగాణ ప్రభుత్వం టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐటీఐలను ఆధునికీకరించే పని చేపట్టింది, 2024లో హైదరాబాద్ మల్లేపల్లిలో శంకుస్థాపన జరిగింది. అక్కడ కూడా పిల్లలు చేరేది ఐటీఐలోనే.

వర్క్‌షాప్‌కు వెళ్లి లేత్ మెషిన్ కింద చూడండి. ఇనుప రజను, ఆయిల్ మరకలు ఉంటే పిల్లల చేత పని చేయిస్తున్నట్టే. ప్లాస్టిక్ కవర్ కూడా విప్పకపోతే అది మీలాంటివాళ్లకు చూపించడానికి కొన్నది. అయినా మోటారు కనెక్షన్, ప్యానెల్ వైరింగ్ రాకుండా పదహారేళ్లకే రోబోటిక్స్ ఏమిటండీ?

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. లక్ష కట్టడానికి సిద్ధపడ్డారు గానీ అబ్బాయికి ఏది ఇష్టమో ఉత్తరంలో ఒక్క ముక్క రాయలేదు. అడిగారా అసలు?

త్వరగా సంపాదన కావాలంటే ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ లాంటి ట్రేడ్ రెండేళ్లు. చదువు మీద ఆసక్తి ఉంటే పాలిటెక్నిక్ మూడేళ్లు, తర్వాత ఈసెట్ ప్రవేశ పరీక్షతో బీటెక్ రెండో ఏడాదిలోకి వెళ్లొచ్చు. ఉర్దూ మీడియమని టెన్షన్ వద్దు. మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయానికి కడపలో పాలిటెక్నిక్ ఉంది, మీకు మరీ దూరం కాదు. ఆదివారం కాకుండా క్లాసులు జరిగే రోజు చూసుకుని అబ్బాయిని తీసుకెళ్లండి. వాడిని లోపలికి పంపి, మీరు బయట కూర్చోండి.